ఆగి ఆగి నడిచే కారు

తెనాలిలో రేపల్లె రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒకావిడ పాత చీరలో చుట్టిన కంప్యూటర్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాటల్లో నేను కంప్యూటర్లు బాగుచేస్తానని తెలిసి అడిగింది.

"బాబూ, మా అల్లుడు ఇందులో కొత్త ప్రాసెసర్ వేయించాడు. మళ్ళీ పాతదే వేయొచ్చా?"

"ఎందుకండీ? కొత్తదైతే గేములు ఆగకుండా నడుస్తాయి కదా!"

"అదేనయ్యా చిక్కు. మా ఆయన నిజాంపట్నంలో బోటు నడిపేవాడు. పక్షవాతమొచ్చి చేతి చురుకు తగ్గాక కారు గేమే కాలక్షేపం. పాతదాంట్లో కారు ఆగి ఆగి నడిచేది, ఈయన తిప్పుకునేవాడు. ఇప్పుడు రివ్వున పోయి గోడని గుద్దేస్తోంది. అసలు ముట్టుకోవట్లేదు."

అంతవరకూ వేగం తగ్గించమని నన్నెవరూ అడగలేదు. పాత ప్రాసెసర్ దాచి ఉంచారా అని అడిగేలోపే రేపల్లె వచ్చేసింది.

ఇప్పటికీ ఎవరైనా గేము ఆగిపోతోందని కంప్యూటర్ తెస్తే, ముందు వాళ్ళ చేతులకేసి చూస్తాను.