పీట మీద నిలబడి తెరిచే ఫ్రిజ్

నిన్న మలక్‌పేట నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ల వాషింగ్ మెషిన్ సగంలో ఆగిపోతోందట. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని అడిగాడు. మా చుట్టాల్లో ఇలాంటి తీర్పులన్నీ నా దగ్గరికే వస్తాయి. నేను మిస్త్రీని కాను. పదో తరగతితో చదువు ఆపి, బట్టల దుకాణంలో గల్లా పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. "ముట్టుకుంటే జిమ్మంటుందా, షాక్ కొడుతుందా?" అని అడిగాను. "ఏంది బావా, ఆగిపోయిందని నేనంటే జిమ్మంటుందా అని నువ్వంటవ్?" అని నవ్వాడు. ఆ ప్రశ్న ముందుగా అడగడం నాకు యాకుత్‌పురాలో, మా మేనత్త ఇంట్లో అలవాటైంది.

మా అత్త ఇంటి ముందు గదిలో పాలు, పెరుగు అమ్మేది. గల్లీలో సగం ఇళ్లకు ఆమె తోడుపెట్టిన పెరుగే. మామ పోయాక ఆ ఇంటిని నిలబెట్టింది ఒక ఎర్ర ఫ్రిజ్. దాని నెత్తిన అల్లిక గుడ్డ, గుడ్డ మీద మందుల డబ్బా, రేషన్ సంచి, ఎవరో మరిచిపోయిన గొడుగు. ఒక ఎండాకాలం అది చల్లదనం తగ్గించింది. "పెరుగు పుల్లగైతున్నది రా, గిరాకీ తిట్టిపోతున్నరు. బాగు చేయించాల్నా, పారేయాల్నా, నువ్వొచ్చి చెప్పు" అని కబురు పెట్టింది. నాదొక సూత్రం ఉండేది. బాగు చేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటకపోతే బాగు చేయించడమే. గ్యాస్ నింపడానికి అంత కాదు. ఫ్రిజ్‌ను చూడకముందే, ఆటో దిగేసరికే నా జవాబు తయారుగా ఉంది.

అప్పుడే కడిగిన షాబాదు బండలు ఇంకా తడిగా ఉన్నాయి. చెప్పులు గడప దగ్గర విడిచి, వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ పిడి పట్టుకున్నాను.

"ఆగు రా! పీటెక్కు!" అని అత్త అరిచేలోపే మోచేతి దాకా ఎవరో గుంజినట్టయింది. రెండడుగులు వెనక్కి పడి గ్రైండర్‌కు ఆనుకున్నాను. ఎదురుగా అత్త, ఆమె కోడలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"పీట కనవడలేదా అన్నా?" అంది కోడలు. నిజంగానే ఫ్రిజ్ ముందు చెక్కపీట ఉంది. నేను దాన్ని కాలితో పక్కకు జరిపి మరీ నిలబడ్డాను. ఆ ఇంట్లో ఎవరైనా పీటెక్కాకే ఫ్రిజ్ తెరుస్తారట. కొత్తగా వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చినంత మామూలుగా ఆ మాట కూడా చెబుతారట.

"ఎప్పటి సంది గిట్ల?" అన్నాను.

"మీ మామ ఉన్నప్పటి సంది. అప్పుడు మాటిమాటికి ఇంట్ల కరెంటు పోతుండె. మిస్త్రీ భాయ్ వచ్చి, బోర్డుల గదేందో స్విచ్చు కొట్టుకుంటున్నదని పీకేసిండు. మల్ల ఫికరే లేదు" అంది అత్త.

కరెంటు ఎక్కడైనా బయటికి పారితే సరఫరా ఆపేసే స్విచ్ అది. ప్రాణం కాపాడేదాన్ని పీకేసి, ప్రాణం తీసేదాని ముందు పీట వేశారు. "నిన్నెప్పుడన్న కొట్టిందా చెల్లె?" అని కోడలిని అడిగాను.

"కొత్త కోడలిగ వచ్చినప్పుడు కొట్టింది. ఇప్పుడు అలవాటైంది."

ఈ చెడిపోవడం వాళ్ల దృష్టిలో చెడిపోవడమే కాదు. నన్ను పిలిపించింది పెరుగు పుల్లబడినందుకు.

అప్పుడే కోడలి కూతురు, కొత్తగా నిలబడడం నేర్చుకుంటున్న పాప, తడి బండల మీద పాకుతూ వచ్చింది. కనిపించిన మంచంకోడునీ, తలుపునీ పట్టుకుని లేచే వయసు. ఫ్రిజ్ వైపు చెయ్యి చాచింది. నేను ఎలా దూకానో గుర్తులేదు. గోడ దగ్గరి ప్లగ్గు నా చేతికి ఊడి వచ్చింది.

"పాలు ఇరుగుతయ్ రా!" అని అత్త కేక వేసి, చప్పున ఆగిపోయింది. పాప రెండు చేతులతో ఫ్రిజ్ తలుపు పట్టుకుని, లేచి నిలబడి, మమ్మల్ని చూసి నవ్వుతోంది.

కోడలు పాపను ఎత్తుకుని అక్కడే కూర్చుండిపోయింది. అత్త ఉన్న పాలన్నీ పొయ్యి మీద పెట్టి కోవా కలిపింది.

మర్నాడు వేరే మిస్త్రీ వచ్చి ముందు ఆ స్విచ్ మళ్లీ పెట్టాడు. ఫ్రిజ్ కూడా బాగవుతుందన్నాడు. ఖర్చు సగం దాటదు. నా సూత్రం ప్రకారం బాగు చేయించాలి. అత్తే వద్దంది.

"మీరిద్దరు బాగైతదనే అంటరు. మల్ల జిమ్మంటే నేను మల్ల పీటేస్కుంట. నా బుద్ధి నాకెరుక."

పాత సామాన్ల బండివాడికి ఇచ్చేముందు, ఇంకెవరూ వాడకుండా దాని తీగను నేనే కత్తిరించాను. బండి మలుపు తిరిగేదాకా చూసి, అత్త మెల్లగా అంది. "ఇన్నేండ్లు ఏం కాలేదు గదరా."

లెక్కలు వచ్చినవాణ్ణి, ఆ మాటనూ లెక్క కట్టి చూశాను. ఏమీ జరగకుండా గడిచిన రోజులన్నిటినీ మనం ధైర్యం కింద జమ కట్టుకుంటాం. అవి ఒక్కొక్కటీ విడిగా, మన మీద దయతలచి గడిచిపోయిన రోజులే.