డ్రోనుకు బొట్టు

మా పొదుపు సంఘానికి మందు కొట్టే డ్రోను వచ్చిన కొత్త. కోటబొమ్మాళి దగ్గర మా కళ్లంలో దాని రెక్కలు ఊడదీసి సంచిలో వేసుకున్నాను. రిమోటు ఎంతదూరం అందుతుందో చూద్దామని, మోటార్లు మెల్లగా తిరగనిచ్చి గట్టు వెంట నడిచాను. సిగ్నల్ తెగితే అవి ఆగిపోవాలి.

వెనక్కి చూస్తే మా అత్త, కొత్త బండికి పెట్టినట్టు, డ్రోనుకు బొట్టు పెట్టబోతోంది!

"అత్తా, ఎనక్కి రా!"

అంతలోనే సిగ్నల్ తెగింది. మోటార్లు ఆగకపోగా ఒక్కసారిగా గీపెట్టాయి. అత్త వెల్లకిలా పడింది.

రెక్కలన్నీ ఊడదీశానా? సంచి తడుముకుంటూ పరిగెత్తాను. దగ్గరికి రాగానే సిగ్నల్ అందింది, మోటార్లు ఆపేశాను. అత్త వేళ్లు ఎర్రగా ఉన్నాయి. తుడిచి చూశాను. కుంకుమ!

"రెక్కల్లేకుండానే ఇలాగ అరుస్తాదేటే?" అంది.

ఇప్పుడు ఆ పరీక్ష ఎప్పుడు చేసినా, అయ్యేదాకా రెక్కలు అత్త ఒళ్లోనే ఉంటాయి. నేనడిగినా ఇవ్వదు.