ఫిక్రీ తుడిచిన పేజీ

కైరోలో ఫగ్గాలా పుస్తకాల కొట్ల వెనక సందులో మాది రెండు కంప్యూటర్ల గది. పాత అచ్చు కాగితాల స్కాన్లు తెస్తే మరకలు తీసి, చదవడానికి వీలుగా చేసిస్తాం. ఒక కంప్యూటర్ నాది, రెండోది ఫిక్రీది. డెబ్బై దాటిన మనిషి, రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. ఒక్కో మచ్చనూ పెద్దది చేసి, చూసి చూసి తుడుస్తాడు. నేను పది పేజీలు చేసేలోగా ఆయనది ఒకటి అవుతుంది, దానికీ ఆపసోపాలే. పొద్దున వస్తూనే "అలసిపోయానురా వజీహ్" అంటాడు. అప్పటికింకా కుర్చీలో కూడా కూచుని ఉండడు.

కుర్రతనం నుంచీ పత్రికలో సీసపు అక్షరాలు కూర్చాడు. చావు ప్రకటనల పేజీ ఆయనదే. మా ఊళ్లో మనిషి పోతే పత్రికలో పడాల్సిందే. కొడుకులు, అల్లుళ్లు, వాళ్ల ఉద్యోగాలు, వియ్యాలవారి ఊళ్లు అన్నీ వరసగా రావాలి, ఒకటి తప్పితే కొట్లాటే.

మొన్న చలికాలంలో నబవియ్య అనే పెద్దావిడ వచ్చింది. రోడ్డు కోసం పాత శ్మశానం తవ్వేస్తున్నారు. జాబితాకెక్కినవాళ్ల ఎముకలనే కొత్తచోటికి తీసుకెళ్తారు. ఆవిడ తండ్రి పేరు ఎక్కింది. అదే సమాధిలో ఉన్న తల్లికి మాత్రం ఏ కాగితమూ లేదు. "అచ్చులో చూపించు, రాసుకుంటా" అన్నాడట గుమాస్తా. సోమవారం గడువు. ఆవిడ దగ్గరున్నది తల్లి పోయినప్పుడు, 1974లో, పత్రికలో పడిన ప్రకటన స్కాన్ ఒక్కటే. వెనక పేజీ సిరా ఇవతలికి దిగిపోయి, మడత దగ్గర అంతా నల్లగా ఉంది.

"మా అమ్మ అక్కడే ఉండిపోతే మీద బస్సులు తిరుగుతాయి నాయనా," అంది.

ఫిక్రీ ఆరు రోజులు కూచున్నాడు. వెనక పేజీ అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పారేశాడు. తినడానికి తెప్పించుకున్న ఫూల్, ఉడికించిన చిక్కుడుగింజలు, అలాగే చల్లారిపోయేవి. ఆరోరోజు ప్రకటన చుట్టూ ఉన్న చట్రం దగ్గరికొచ్చాడు. నల్ల గీత కుడి మూల చిన్న తెల్లటి నొక్కు ఉంది. మరకనుకుని తుడవబోయి ఆగిపోయాడు.

"ఏమైంది ఉస్తా?" అన్నాను. చేతిపనిలో ఆరితేరిన పెద్దల్ని మేం అలాగే పిలుస్తాం.

"ఈ చట్రం నాదిరా. మూల విరిగితే మార్చమని ఎంత మొత్తుకున్నా మార్చలేదు వెధవలు. ఇది నా చేత్తో కూర్చిందే."

మడత కింది మాటలు తేలాయి. "ధాన్యం వ్యాపారి కీర్తిశేషులు హాజ్ బయ్యూమీ సతీమణి, కస్టమ్స్‌లో పనిచేసే అబ్దుల్‌ఆల్ తల్లి, కుటుంబ సమాధిలో ఖననం..." అంతే. ఆవిడ పేరు లేదు. పరాయివాళ్ల నోట ఆడవాళ్ల పేరు పడకూడదని ఆ రోజుల్లో చాలా ఇళ్లవాళ్లు రాయించేవాళ్లు కాదు. ఎవరైనా పొరపాటున రాసిచ్చినా ఫిక్రీయే కొట్టేసేవాడు.

నాకు ఒళ్లు మండింది. "అక్షరాలన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి ఉస్తా. ఆవిడ పేరు అడిగి, నాలుగు ఏరి అతికిస్తే ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. నోర్మూసుకుని నీ పని చూసుకో."

నబవియ్య వచ్చి, కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"బాగా తుడిచావు నాయనా. మా అమ్మ ఇందులో లేదని స్పష్టంగా కనిపిస్తోంది."

ఫిక్రీ తల దించుకున్నాడు. అంత సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు. తల ఎత్తకుండానే అడిగాడు: "ఆవిడ పేరేమిటమ్మా?"

"వదీదా."

సోమవారం ఆవిడతో పాటు నేనూ, ఫిక్రీ కూడా ఆ శ్మశానం జాబితా రాసే ఆఫీసుకెళ్లాం. మూడు గంటలు నిలబడ్డాం, మధ్యలో ఆయన గోడకి చారగిలబడ్డాడు. గుమాస్తా పేజీ చూసి, "పేరేదయ్యా?" అన్నాడు.

"వదీదా. అచ్చులో పడలేదు," అన్నాడు ఫిక్రీ.

"పత్రికలో లేనిది నువ్వు చెప్తే నేను రాసుకోవాలా?"

"లేకుండా చేసింది నేనే బాబూ. అందుకే నేనే చెప్పాలి. యాభై ఏళ్ల కిందట ఈ పేజీ కూర్చింది నేను. సాక్షి సంతకం పెడతాను, తప్పయితే నన్ను పట్టుకో."

గుమాస్తా ఆయనవైపు చూశాడు, మా వెనకున్న వరసవైపు చూశాడు. విసుగ్గా జాబితా ముందుకు లాక్కుని, "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

"వదీదా," అన్నాడు ఫిక్రీ, వరసలో అందరికీ వినపడేలా.