అక్క గీసిన రెండో పెట్టె

మా అక్క ప్రసన్నలక్ష్మి గురించి మార్కాపురంలో ఎవరినడిగినా, "ఆ, హైదరాబాదులో ఏదో మిలటరీ కంపెనీలో చేసి వచ్చేసిందిలే" అంటారు. ఆ "వచ్చేసిందిలే" వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు వచ్చేసిందో వాళ్ళకేం తెలుసు? నాకు తెలుసు. అందులో నా చెయ్యి ఉంది కాబట్టి బాగా తెలుసు.

మాది పలకల ఫ్యాక్టరీ. బడిపిల్లల పలకలు పోయాక, ఇళ్ళ గోడలకూ నేలకూ అతికించే రాయి పంపుతున్నాం. ఎక్కువ బయటిదేశాలకే పోతుంది. మా నాయన నాగేశ్వర్లుకు ఒక పద్ధతి ఉండేది. గని నుంచి వచ్చిన దిమ్మెను పొరలుగా చీల్పించి పెట్టేవాడు గాని, కొనేవాడు ఎవరో తేలేదాకా అంచులు కొయ్యనిచ్చేవాడు కాదు. ఒక దేశంవాడి కొలత ఇంకో దేశంవాడికి పనికిరాదు. ఒకసారి కోసేశాక రాయి మళ్ళీ పెరగదు కదా. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కూడా అక్క సెలవుల్లో షెడ్డుకొచ్చి, చీల్చిన పొరల మీద సుద్దతో గీతలు గీసేది. "అంచు వదిలినావా అమ్మా?" అని నాయన అడగడం, "వదిలినాలే నాయనా, ఎన్నిసార్లు అడుగుతావు" అని అక్క విసుక్కోవడం నాకింకా గుర్తే.

చదువయ్యాక, సైన్యానికి వైర్‌లెస్ సెట్లు తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీలో డిజైనరుగా చేరింది. చేరిన ఏడో ఏట, సిపాయి వీపున మోసుకుపోయే కొత్త సెట్టు పని ఆమె చేతికొచ్చింది. మనవాళ్ళు మాట్లాడేది శత్రువుకు అర్థం కాకుండా మార్చేసే బోర్డు ఒకటి అందులో ఉంటుందట. అసలు రహస్యం అదే. ఎంత స్నేహదేశమైనా సరే, మన సైన్యం వాడే ఆ బోర్డును బయటికివ్వరు. అందుకని అక్క సెట్టును మొదట్లోనే రెండు పెట్టెలుగా గీసింది. పెద్ద పెట్టె అందరికీ ఒకటే. చిన్న పెట్టెలో ఆ బోర్డు. రేపు ఏ మిత్రదేశమైనా కొంటామంటే, చిన్న పెట్టె ఊడదీసి వాళ్ళకు తగింది బిగించి ఇవ్వొచ్చు. నాయన రాయికి అంచు వదిలినట్టే వదిలింది.

వాళ్ళ పెద్దసారు ఒప్పుకోలేదు. రెండు పెట్టెలైతే పావుకిలో బరువు ఎక్కువ, అతుకు దగ్గర నీళ్ళు దిగుతాయేమోనని అనుమానం, పరీక్షలకు ఇంకో ఆర్నెల్లు. "ముందు మన ఆర్మీని కొననీమ్మా. బయటిదేశాల సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడట. అంతా ఒకే బోర్డు మీద పెట్టి గీయమన్నాడు. గీసింది. సంతకం దగ్గర ఆగింది.

ఆ శనివారం ఇంటికొచ్చింది. నాయన పోయి అప్పటికి ఏడాది దాటింది. షెడ్డులో నాయన స్టూలు మీద కూర్చుని నన్నడిగింది.

"ఉమేషూ, ఇది తప్పని కాగితం మీద రాసి ఫైల్లో పెడదామనుకుంటున్నా రా. లేకుంటే రేపు నా మీదికే వస్తాది. ఏమంటావు?"

నేను పెద్ద అనుభవజ్ఞుడిలా మాట్లాడాను. "ఎందుకక్కా పెద్దోళ్ళతో? కొనేవాడు చెప్పిందే కొలత. సరుకు కొనే పార్టీకి మనం ఎప్పుడన్నా ఎదురు చెప్పినామా? సంతకం పెట్టి పారేయ్."

"ఆయన కొనేవాడు కాదు గదరా."

"జీతమిచ్చేవాడు గదా. రెండూ ఒకటే."

ఎంత తలతిక్క మాట! పార్టీ ముందు తలూపడం మా ఇంటి మర్యాద. ఆ మర్యాదను తీసుకుపోయి, వాడకూడని చోట వాడమన్నాను. నాయన ఉంటే నా చెంప పగలగొట్టేవాడు. అక్క చేతికంటిన రాతిపొడి దులుపుకుని లేచింది. సోమవారం పోయి సంతకం పెట్టింది. కాగితం రాయలేదు.

సెట్టు బాగా పనిచేసింది. సైన్యం తీసుకుంది. ఆరేళ్ళకు ఒక మిత్రదేశంవాళ్ళు వచ్చి చూసి, ముచ్చటపడి, మాకూ కావాలన్నారు. తీరా చూస్తే రహస్యం బోర్డును ఊడదీసే దారే లేదు. మొత్తం మళ్ళీ గీసి పరీక్షలు చేయాలంటే మూడేళ్ళు. అంతకాలం వాళ్ళు ఆగుతారా? వేరే దేశం దగ్గర కొనుక్కున్నారు. ఇక్కడ విచారణ మొదలైంది. ముందుచూపు లేకుండా ఇట్లా గీసిందెవరు? డ్రాయింగు కింద సంతకం ఎవరిది? "మొదట నేను రెండు పెట్టెలే గీసినాను సార్" అంటే, "అభ్యంతరం చెప్పినట్టు కాగితం చూపించు" అన్నారు. పెద్దసారు అదే గదిలో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడట. ఛీ, ఏం మనుషులో! పదమూడేళ్ళు చేసిన మనిషిని పాత ఫైళ్ళు సర్దే సెక్షన్లో వేశారు. అక్క నాలుగు నెలలు ఓర్చుకుని రాజీనామా ఇచ్చేసింది. తప్పు గీసిందన్న చెడ్డపేరు మోసుకుని ఇంటికొచ్చింది.

ఇప్పుడు మా షెడ్డులోనే కొలతలు చూస్తుంది. మాట తగ్గిపోయింది. నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మొన్న గురువారం ఆ కంపెనీ నుంచే నాకు ఫోనొచ్చింది. ఎప్పుడో అక్క ఆఫీసులో పంచిపెట్టిన మా రాతిపలక వెనక నంబరు ఉందట. ఇంకో మిత్రదేశానికి కొత్త సెట్లు అమ్ముతున్నారట. వచ్చే అతిథులకు జ్ఞాపికలుగా ఇరవై పలకలు చెక్కి పంపాలట. చెక్కాల్సిన బొమ్మ వాట్సాప్‌లో వచ్చింది. పెద్ద పెట్టె, పక్కన ఊడి వచ్చే చిన్న పెట్టె. కింద "రూపకల్పన" అని పెద్దసారు పేరు.

"నేను చెయ్యనక్కా! మన రాయి మీద వాని పేరు నా చేత్తో చెక్కాల్నా? వాని మొహాన కొడతా ఈ ఆర్డరు!" అని అరిచాను. పొరలు చీలుస్తున్న మస్తానమ్మ ఉలి ఆపి మావైపు చూసింది.

అక్క ఫోను తీసుకుని బొమ్మను పెద్దది చేసింది. అతుకు దగ్గర వేలు పెట్టి, "రబ్బరు పట్టీ వేసినారు. నేనూ అదే వేసినాను" అంది. ఫోను నాకిచ్చేసింది.

"నాతో సంతకం పెట్టించేటప్పుడు లేని రోషం ఇప్పుడెందుకురా నీకు?" అంది. గొంతు పెంచలేదు. "కొనేవాడు చెప్పిందే కొలత గదా. కొయ్యి."

సుద్ద తీసుకుని ఇరవై పలకల మీదా తనే గీతలు గీసింది. ఈసారి అంచు వదల్లేదు. నేను కోశాను.