నాలుగో ఇంటి వేలు

సరస్సు ఒడ్డున మా కెండు బేలో ఒగాదా పేరెత్తితే గిటారు పట్టిన ప్రతి మగవాడూ ముందు తన చేతివేళ్ళ వంక చూసుకునేవాడు. వాళ్ళలో సగం మంది ఆయన వాకిట్లో బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే. పాట సంగతి తర్వాత, ముందు వేళ్ళకు బుద్ధి రావాలనేవాడు ఆయన. నెలల తరబడి పాటన్నదే ముట్టనివ్వకుండా, ఎడమచేతి నాలుగు వేళ్ళనూ గిటారు మెట్ల మీద నడిపించేవాడు. మెట్టుకొక వేలు. మొదటిది నొక్కాలి, దాన్ని ఎత్తకుండా పక్కది నొక్కాలి, ఆ తర్వాత దాని పక్కది. ఒక తీగ మీద అయ్యాక ఇంకో తీగ. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటికి.

ఆయనకు నలుగురు భార్యలు కనుక వేళ్ళకు పేర్లు వెతుక్కోవలసిన పని లేకపోయింది. చూపుడువేలు పెద్దావిడ, నడిమివేలు రెండో ఆవిడ, ఉంగరపువేలు మూడో ఆవిడ, చిటికెనవేలు కడగొట్టుది. "పెద్దావిడ గడప దాటకుండా చిన్నది దాటకూడదు. చిన్నది వచ్చేదాకా పెద్దది చోటు వదలకూడదు. కొంపకైనా అంతే, గిటారుకైనా అంతే" అనేవాడు. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. నవ్వినవాడి వేళ్ళకు ఆ పూట ఉగాలి సంకటి ముద్ద పట్టుకునే ఓపిక ఉండేది కాదు.

అవోకో ఆ కడగొట్టావిడ కూతురు.

మా దగ్గర వానలు మొదలైతే తొలి విత్తనం పెద్ద భార్య చేతిలోంచే పడాలి. తర్వాత రెండో ఇల్లు, మూడో ఇల్లు, వరసగా. వరస తప్పితే చిరా అనే శాపం తగులుతుందని, పిల్లలు చిక్కి శల్యమై రాలిపోతారని భయం. అవోకో చిన్నప్పుడు ఒక ఏడాది పెద్దావిడ ఏదో అలిగి పుట్టింటికి వెళ్ళి కూర్చుంది. తొలివాన వచ్చింది, మలివాన వచ్చింది. ఆవిడ తిరిగొచ్చి విత్తేసరికి నేల గట్టిపడిపోయింది. తతిమ్మా పొలాలు సరస్సు ఒడ్డున చెమ్మలో ఉన్నవి కాబట్టి నెట్టుకొచ్చాయి. నాలుగో ఇంటిది గుట్ట మీది రాతినేల. ఆ ఏడంతా అవోకో తల్లి చేట పట్టుకుని పెద్దావిడ గుమ్మంలో పిండి కోసం నిలబడింది. ఆ కోపం అవోకోకు ఎన్నడూ చల్లారలేదు. చల్లారాలని ఆమె కోరుకోనూ లేదు.

ఆడపిల్లలు గిటారు ముట్టరాదు గనక ఆమె ఉగాలి కలిపే తెడ్డు పట్టుకుంది. గాదె వెనక నిలబడి, తండ్రి మగపిల్లల మీద అరిచే అరుపులు వింటూ, తెడ్డు కర్ర మీద వేళ్ళు నడిపేది. కర్ర పలకదు కాబట్టి ఎవరూ తిట్టలేదు. ఎవరూ తిట్టలేదు కాబట్టి తప్పు చేయడానికి కూడా వీలు దొరికింది. తండ్రి పాఠంలో వేళ్ళు పైమెట్లకు ఎక్కడమే తప్ప దిగడం ఉండేది కాదు. దిగాలంటే చిటికెనవేలు ముందుండాలి మరి. అందుకని కొసకు వెళ్ళగానే చెయ్యి మొత్తం ఎత్తేసి మళ్ళీ పెద్దావిడతో మొదలుపెట్టించేవాడు. ఆ వాకిట్లో తయారైన వాళ్ళందరికీ పాటలో ఎక్కడం వచ్చుగానీ దిగడం రాదు. ఈ మాట ఊళ్ళో ఒక్కరికీ తోచకపోవడం చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అవోకో దిగింది. చిటికెనవేలితో మొదలుపెట్టి, చివరికి చూపుడువేలితో ముగించేది. చిటికెనవేలికి తనంతట తాను నిలబడడం ఏమిటో తెలియదు. ఉంగరపువేలు కదిలితే అదీ ఊగేది. ఆమె కుడిచేత్తో మిగతా మూడింటినీ అదిమిపెట్టి దాన్ని ఒక్కదాన్నే ఎత్తి దించేది. నీళ్ళ బకెట్టు దాంతోనే మోసేది. వేగం అడగలేదు. పడిన ప్రతిసారీ ఒకేలా పడమని మాత్రం అడిగింది.

ఒకనాడు తండ్రి చూశాడు. తెడ్డు లాక్కుని, "చిటికెనవేలు ముందు పెట్టేదాన్ని ఎవడు చేసుకుంటాడే?" అన్నాడు.

"చేసుకునేవాడు వేలినా నాన్నా చేసుకునేది?" అంది పిల్ల.

చెంప మీద అయిదు వేళ్ళూ వరసగా తేలాయి.

చేసుకున్నవాడు ఓవితి అని, పడవ మీద చేపలు తెచ్చేవాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. పెళ్ళయిన కొత్తలోనే పెళ్ళాం వేళ్ళు రొట్టె మీదా మంచంకోడు మీదా తన వీపు మీదా ఊరుకోకపోవడం గమనించి, ఎంబితా రేవులో ఎవరికో చేపలిచ్చి ఒక పాత గిటారు పట్టుకొచ్చాడు. తీగ ఒకటి లేదు. "నన్ను బాదే బదులు దీన్ని బాదు" అని చేతికిచ్చాడు.

అవోకో మొదటిసారి తీగ మీద వేలు పెట్టి హతాశురాలైంది. కర్ర ఇన్నాళ్ళూ ఆమెకు అబద్ధం చెప్పింది. కర్ర మీద నాలుగు వేళ్ళూ సమానమే. తీగ మీద చిటికెనవేలు జుయ్యిమని గొణిగింది. వేళ్ళ కొసలు బొబ్బలెక్కాయి. ఆమె ఏడ్చింది, గిటారును నోటికొచ్చినట్టు తిట్టింది, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. పొద్దున ఒమెనా చిట్టిచేపలను వలల మీద ఆరబోయడం, అవి ఎండేదాకా ఒడ్డున కూర్చుని వేళ్ళు నడపడం. పక్కన చేపలు ఎండేసుకునే ఆడవాళ్ళు చెవులు మూసుకునేవారు. నీ గిటారుకు జలుబు చేసిందని వెక్కిరించేవారు.

వాళ్ళే ఒకరోజు చెవుల మీంచి చేతులు తీశారు. పైమెట్ల దగ్గర చిటికెనవేలు టక్కున పలికింది, దాని వెనకే తక్కిన మూడూ ఒకదాని మీద ఒకటి కిందికి రాలాయి. రేకుల కప్పు మీద పెద్ద పెద్ద చినుకులు పడ్డట్టుంది. అందులో ఒకావిడ చేపలు తడుస్తాయని ఆకాశం వంక చూసింది కూడా. అప్పటినుంచి ఒడ్డున దాని పేరు వాన.

పెద్దావిడ కొడుకు ఒబురాకు అప్పటికే సొంత బృందం ఉంది. కిసుము పట్నం దాకా పేరుంది. చేపల కోసం వచ్చి వాన విన్నాడు. చేపలు మరిచిపోయి కూర్చున్నాడు. తర్వాత వారం వారం చేపలు కావాలని వచ్చేవాడు. అంత చేప వాళ్ళింట్లో ఎవరు తింటున్నారని ఓవితి నవ్వేవాడు. అవోకో మాత్రం సంబరపడిపోయింది. ఆ పెద్ద ఇంటినుంచి ఒక మనిషి నాలుగో ఇంటిని ఏదైనా అడగడం ఆమె పుట్టాక అదే మొదలు. ఉన్నదంతా నేర్పింది. అన్న చేతిని బల్ల మీద పరచి, మూడు వేళ్ళూ అదిమిపెట్టి, నాలుగోదాన్ని ఎత్తించింది. కానీ ఏళ్ళ తరబడి అందరి వెనకా నడిచిన వేలది, ముందుకు రమ్మంటే ఎలా వస్తుంది? ఒబురాకు ఓపిక చాలలేదు. ఉంగరపువేలితోనే మొదలుపెట్టి, అందని మెట్టు కోసం చెయ్యి మొత్తం పైకి జరిపేవాడు. అందుకని అతని వాన మొదట్లో ఒక చిన్న వెక్కిలి పడేది.

ఆ వెక్కిలితోనే అది రేడియోలో వచ్చింది. దాని పేరు 'ఒబురా వాన' అని చెప్పారు. టీ దుకాణాల్లో అదే, బస్సుల్లో అదే. ఊళ్ళో కుర్రాళ్ళు నేర్చుకుని వాయిస్తూ ఆ వెక్కిలిని కూడా శ్రద్ధగా నేర్చుకున్నారు. ఒడ్డున అవోకో అసలుది వాయిస్తే, దారినపోయే ఒకడు ఆగి, బాగానే ఉంది గానీ ఒబురా వేసే ఆ విరుపు రాలేదమ్మా అని సలహా ఇచ్చి వెళ్ళాడు.

ఆమె నేరుగా అన్న ఇంటికి వెళ్ళింది. ఒబురా కుర్చీ వేశాడు, టీ పోయించాడు. ఆడదాని పేరు పెడితే ఎవరు వింటారని నచ్చజెప్పాడు. "అయినా మనింటిదే కదే. ఎవరి పేరైతే ఏంటి?" అన్నాడు.

"మనింటిదే అన్నా. నాలుగో ఇంటిది."

టీ ముట్టకుండా లేచి వచ్చేసింది. డబ్బులో వాటా ఇస్తానని కబురు పెట్టాడు, వద్దంది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఒబురాను మెచ్చుకునే జనం ముందు, తన చేత్తో, ఒక్కసారి ఆ వాన కురిపించాలి. అది ఎవరి వేలిలో పుట్టిందో వాళ్ళు కళ్ళారా చూడాలి. చూడకపోతే తాను చచ్చాక కూడా అది ఒబురా వానే అవుతుంది.

పెద్దావిడ పోయి ఏడాది తిరిగాక ఆవిడ పేరున విందు పెట్టారు. ఎద్దును కోశారు, పందిరి వేశారు. మిట్టమధ్యాహ్నం ఒబురా బృందం పందిట్లో కూర్చుంది. ఒగాదా చేతికర్ర పట్టుకుని ముందువరసలో పెద్ద కుర్చీలో ఉన్నాడు. మాలో పాట ఎంత జోరులో ఉన్నా సరే, పళ్ళెంలో నాణెం వేసినవాడు దాన్ని ఆపవచ్చు. ఆపి తన వంశాన్నీ తన గొప్పనూ నలుగురి ముందూ చెప్పుకోవచ్చు. అతను నోరు మూసేదాకా వాయించేవాడు వేలు కదపకూడదు. ఆరోజు అప్పటికే చాలామంది మగవాళ్ళు లేచి, తాము సరస్సుకు ఎదురీదిన మొసళ్ళమని, నైరోబీని వణికించిన ఎద్దులమని చెప్పుకున్నారు. పళ్ళెం నిండుతోంది.

ఒబురా తన వాన ఎత్తుకున్నాడు. వెక్కిలి పడిందో లేదో నాణెం ఖణేల్మంది. అతను తీగల మీద అరచెయ్యి ఆనించి తలెత్తాడు. ఎదురుగా చెల్లెలు.

"నేను అవోకోని" అంది ఆమె. "ఒగాదా నాలుగో ఇంటి పిల్లని. ఓవితి పెళ్ళాన్ని. ఎండుచేపలమ్ముకునేదాన్ని. మీరంతా రేడియోలో వింటున్న వాన ఈ వేల్లోంచి కురిసింది." చిటికెనవేలు ఎత్తి చూపింది. "మా అన్నకి నేర్పింది నేనే. కాదంటే చిటికెనవేలితో మొదలుపెట్టి వాయించమనండి, చూస్తాను."

పందిట్లో గుసగుసలు లేచాయి. ఒబురా ముందుకు వంగి, అందరిలో నవ్వులపాలు చేస్తావా అని పళ్ళ మధ్యనుంచి అడిగాడు.

"నువ్వు నన్ను పాటలోనే లేకుండా చేశావు. నవ్వులపాలైనా నువ్వు అందులో ఉంటావు కదా" అంది ఆమె.

అతను తన చిటికెనవేలి వంక చూసుకున్నాడు. అది ముడుచుకుని ఉంది. మెడలోంచి పట్టీ తీసి గిటారు ఆమె చేతికిచ్చేశాడు.

ఆమె ఇంకా సరిగ్గా కూర్చోనేలేదు, పళ్ళెంలో ఇంకో నాణెం పడింది. ఒగాదా లేచి నిలబడ్డాడు. పెద్దావిడ పేరున జరిగే విందులో కడగొట్టు ఇంటి పిల్ల ముందుకు రావడమా? ఆయన తన తాత గురించి చెప్పాడు, తాత పశువుల గురించి చెప్పాడు, తన నలుగురు భార్యల గురించీ, తన వాకిట్లో మనుషులైన వేళ్ళ గురించీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె కదలకూడదు. అయిపోయిందనుకుని ఆమె చెయ్యి ఎత్తితే ఇంకో నాణెం వేశాడు. మళ్ళీ తాత దగ్గరనుంచి మొదలు. జనం మొదట నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అవోకో తండ్రి కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. ఎడమచెయ్యి మాత్రం తీగకు తగలకుండా మెట్ల పైన తన పని తాను చేసుకుంటోంది, నాలుగో వేలు ముందు, తక్కినవి దాని వెనక.

ముసలాయన జేబులు ఖాళీ అయ్యాయి. ఆయన పెద్దకొడుకు ఒబురా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "ఒరేయ్, నాణెం ఇవ్వు."

ఒబురా కాళ్ళ దగ్గరే పళ్ళెం పొంగిపొర్లుతోంది. అందరూ ఆ పళ్ళేన్నీ, అతన్నీ మార్చి మార్చి చూశారు. అతను నేల చూస్తూ, "నా దగ్గర లేదు నాన్నా" అన్నాడు.

తండ్రి చెయ్యి అలాగే చాచి ఉంది. అవోకో వాయించింది.

వెక్కిలి లేదు. కొసమెట్టు దగ్గర చిటికెనవేలు దిగింది, దాని వెనకే వాన మొత్తం దిగింది. తీగ నుంచి తీగకు, కింది మెట్టు దాకా, ఎక్కడా ఆగకుండా. ఆమె మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ కురిపించింది. వెనక వరసలో ముసలమ్మలు భుజాలు ఊపడం మొదలుపెట్టారు. చేపల ఒడ్డునుంచి వచ్చిన ఆడవాళ్ళు మాది, మాది అని అరిచారు. డ్రమ్ము వాయించేవాడు ఒబురా వంక చూశాడు. ఒబురా తల ఊపాడు. డ్రమ్ము కలిసింది.

ఒగాదా కర్ర తాటించుకుంటూ కూతురి ముందుకు వచ్చాడు. కొడతాడని కొందరు లేచారు. ఆయన కొట్టలేదు. వంగి ఆమె ఎడమచేతిని దగ్గరగా చూశాడు. వాకిట్లో మగపిల్లల మీద తప్ప ఇంకెవరి మీదా వాడని ఆ గొంతుతో, విసుగ్గా, "చిటికెనవేలు మరీ పైకి లేస్తోంది. తీగకి దగ్గరగా ఉంచు" అన్నాడు.

అవోకో వాయించడం ఆపలేదు.

"లేవనీ నాన్నా. ఇన్నేళ్ళూ కూర్చునే ఉంది."