రెండు అరటిపండ్లు అడిగిన బ్రెజిల్ ఆటగాడు

మా వైపు మర్యాదల గురించి ఎవరైనా గొప్పలు మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. అక్కడే కూర్చుంటే నా నోరు ఊరుకోదు. ఆ మర్యాద ఒక మనిషి చివరి అవకాశాన్ని మింగేస్తుంటే పక్కన నిలబడి చూశాను. చూడటమేమిటి, అందులో నా చెయ్యీ ఉంది.

మా అక్క భర్త, అంటే మా బావగారు, ధవళేశ్వరం దిగువన రొయ్యల చెరువులు చేస్తారు. పుట్టి బుద్ధెరిగాక బంతిని కాలితో తన్నిన మనిషి కాదు. ఊళ్లో ఫుట్‌బాల్ టోర్నమెంటు కమిటీకి అధ్యక్షులు మాత్రం ఆయనే. రెండేళ్ల కిందట ఫైనల్లో ఊరి జట్టు తరఫున ఆడటానికి ఒక బ్రెజిల్ ఆటగాణ్ణి పిలిపించారు. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను కాబట్టి దుబాసీ పని నాకు అంటగట్టారు.

ఆట రోజు ఉదయం అతన్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తుంటే కారులో తన సంగతి చెప్పాడు. ముప్ఫై నాలుగేళ్లు. పందొమ్మిదో ఏట ఇల్లు వదిలి పోర్చుగల్‌లో ఒక రెండో శ్రేణి జట్టులో చేరాడు. తర్వాత సైప్రస్, వియత్నాం, ఆ తర్వాత గోవా. అక్కడ మోకాలికి ఆపరేషను. బ్రెజిల్ వాడంటే చాలు, ప్రపంచ కప్పు జేబులో వేసుకు తిరుగుతాడని మనవాళ్ల నమ్మకం. ఇతని బతుకు మా కాలేజీ కాంట్రాక్టు లెక్చరర్ల బతుకే. ఏటా ఉంచుతారో పొమ్మంటారో తెలియదు, పెట్టె ఎప్పుడూ సర్దే ఉండాలి. ఎనిమిది నెలలుగా ఏ జట్టూ లేదు. కేరళలో ఒక కోచ్ మాత్రం, మోకాలు నిలబడుతోందో లేదో చూడాలి, పూర్తి ఆట వీడియో పంపు అన్నాడట. ఆ పూర్తి ఆట కోసమే మా ఊరు వచ్చాడు.

"నాలుగింటికి ఆట కదా. మధ్యాహ్నం రెండు అరటిపండ్లు చాలు," అన్నాడు.

ఇంటి చుట్టూ అరటితోటలే. బావగారితో ఆ మాటే చెప్పాను.

"అరటిపండా? సముద్రాలు దాటొచ్చిన మనిషికి అరటిపండు చేతిలో పెట్టి పంపిస్తే రేపు ఊళ్లో తలెత్తుకు తిరగ్గలనా?"

"ఆయన పరిగెత్తాలి బావగారూ. తిని పడక్కుర్చీలో వాలిపోడానికి ఆయనేమన్నా మీరా?"

"నీకెప్పుడూ నా మీద పడ్డమే పని అమ్మాయ్. పులస చేపల సీజను కాదే అని నేనేడుస్తుంటే!"

పెద్ద అరిటాకు వేశారు. కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, కోడి పలావు, పనసపొట్టు కూర, గారెలు, నెయ్యి కారుతున్న బొబ్బట్లు. అతను "నో, ప్లీజ్" అన్నాడు. అందరూ నా మొహం చూశారు.

నా ఘనకార్యం ఇక్కడే. వద్దంటున్నాడని చెప్పాల్సినదాన్ని, పదిమందిలో బావగారు చిన్నబోతారని, "నెమ్మదిగా తింటారటండి" అన్నాను. ఊరందరి మీదా నోరు పారేసుకునే మనిషిని, సరిగ్గా ఆ పూటే నాకు మెతకదనం పుట్టుకొచ్చింది.

"మొహమాటపడుతున్నాడండీ పాపం! వెయ్యండి, వెయ్యండి!" అన్నారు బావగారు.

మా వాళ్ల దృష్టిలో వద్దన్నవాడికి వేస్తేనే వడ్డన. అతను రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెడితే, మా అక్క వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసింది.

"తినకపోతే వీళ్లకి కోపం వస్తుందా?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"వస్తుంది," అన్నాను. తిన్నాడు.

ఫ్లెక్సీ మీద బావగారు నిలువెత్తున ఉన్నారు, ఆటగాడు పాస్‌పోర్టు ఫోటో అంత. ఆట నాలుగింటికని దాని మీదే రాసి ఉంది. నాలుగింటికి సన్మానం మొదలైంది. శాలువా, గజమాల, ఇంకో శాలువా. మైకు పట్టుకున్నవాళ్లలో ఒక్కడికీ అతను ఏ స్థానంలో ఆడతాడో తెలియదు. ఒకాయన బ్రెజిల్ కాఫీ గురించి, ఇంకొకాయన మన ఆనకట్ట గురించి మాట్లాడారు. ఆ మైదానానికి లైట్లు లేవు. చలికాలం పొద్దు. అతను పూలదండలోంచి మాటిమాటికీ ఆకాశం చూస్తున్నాడు.

ఐదుంబావుకి బంతి కదిలింది. మొదట్లోనే ఎడమ కాలితో ముగ్గురి మధ్య నుంచి ఒక పాస్ ఇచ్చాడు. సూదిలో దారం ఎక్కించినట్టు వెళ్లింది. అందుకోవాల్సిన మనవాడు దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. ఇతనికి ఆట వచ్చునని నాకు కూడా అర్థమైంది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని వంగిపోయాడు. గీత అవతలికి వెళ్లి వాంతి చేసుకున్నాడు. జనం ఈలలు వేశారు. నోరు తుడుచుకుని మళ్లీ వచ్చి ఆడాడు. హాఫ్ టైము కాకముందే బంతి కనబడటం మానేసింది. బావగారు రెండు జట్లూ గెలిచాయని ప్రకటించేశారు.

మర్నాడు ఎయిర్‌పోర్టుకి తిరిగి వెళ్తుంటే కారులో వీడియో చూశాడు. బావగారు పెట్టిన ఫోటోగ్రాఫరు వేదిక మీద ఒక్క శాలువా కూడా వదల్లేదు. చివర్లో పాతిక నిమిషాల ఆట ఉంది, అందులో సగం నలుపు. ఫోను జేబులో పెట్టుకుని అడిగాడు.

"నేను నో అన్నప్పుడు మీరు వాళ్లకి ఏం చెప్పారు?"

చెప్పాను. అతను కిటికీ వైపు తిరిగాడు. రోడ్డు పక్కన అరటిగెలలు వేలాడదీసి అమ్ముతున్నారు. కారు ఆపించి ఒక అత్తం కొనిచ్చాను. రెండు పండ్లు తుంచుకుని మిగతావి నాకిచ్చేశాడు.

రెండు నెలలకి మెసేజ్ వచ్చింది. ఆ కోచ్ వేరే ఆటగాణ్ణి తీసుకున్నాడు. ఇతను ఇంటికి వెళ్లిపోయి బావమరిది టైల్స్ కొట్లో కూర్చుంటున్నాడు. వెళ్లి బావగారికి చదివి వినిపించాను.

"పోన్లే అమ్మాయ్," అన్నారు. "మన మర్యాద మాత్రం చచ్చేదాకా మర్చిపోడు."

"ఎలా మర్చిపోతాడండీ? మీ శాలువాలు కప్పుకునే టైల్స్ అమ్ముతున్నాడట."

"నిజంగానా!" అన్నారు బావగారు. ఆ వారమంతా ఎదురైన ప్రతివాడికీ ఆ మాట చెప్పుకున్నారు.