బియ్యం డ్రమ్ము కింద పదకొండు పుస్తకాలు

ఆ ఏడు కొల్లేరు నీళ్ళు మా ఇంట్లోంచి తీసుకుపోయినవి ఇవి: తొమ్మిది కోళ్ళు, ఒక తాటి దోనె, వంటింటి వైపు మట్టిగోడ సగం, నాయనమ్మ పెట్టెలోని రెండు పట్టు చీరలు, పదకొండు పుస్తకాలు. కోళ్ళు మళ్ళీ వచ్చాయి, గోడ మళ్ళీ లేచింది. పుస్తకాలు మావి కావు. నలభైకి దగ్గరపడ్డ ఈ వయసులో, ఏలూరులో చేపల చెరువుల వాళ్ళకు మేత లెక్కలూ తూకాల లెక్కలూ చూసిపెడుతూ బతుకుతున్నాను. వానాకాలంలో ఎవరైనా తడిసిన కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెడితే, ఆ నాని పులిసిన వాసనకి, అందులో కలిసిన తవుడు వాసనకి, మొన్నమొన్నటి దాకా లేచి వెళ్ళి కిటికీ తీసేదాన్ని. ఈమధ్య తియ్యడం మానేసి కూర్చుంటున్నాను.

మాది కొల్లేట్లో ఒక లంక. ఎండాకాలం వస్తే నీళ్ళు దూరంగా జరిగిపోయి, పగుళ్ళిచ్చిన నల్లరేగడి మీద గేదెలు తిరిగేవి, మేం పిల్లలం ఆ పగుళ్ళలో చింతపిక్కలు జారవిడిచి ఎవరి పిక్క లోతుకు పోయిందో పందెం కాసేవాళ్ళం. వానాకాలం వస్తే అదే నేల మీద దోనెలు నడిచేవి, శీతాకాలం తెల్లారగట్ల తెల్ల కొంగలూ, పేర్లు తెలియని పరాయి దేశపు పిట్టలూ దిగి గోల చేస్తుంటే ఆ గోలకే నాయనమ్మ లేచి పొయ్యి రాజేసేది. చిన్న చేపలు మామిడికాయ వేసి వండిన పులుసు మర్నాటికి గడ్డ కట్టి, చద్దన్నంలో కలిపితే వేళ్ళకు జిగురుగా అంటుకునేది. మా నాన్నకు ఊళ్ళోవాళ్ళంతా కలిసి తవ్వుకున్న చేపల చెరువులో ఒక వాటా ఉండేది. సరస్సులో చెరువులు ఉండకూడదనీ, గట్లు తెంచేస్తారనీ మాట పుట్టిన దగ్గరనుంచీ ఆయనకు ఆ చెరువు మాదా కాదా అన్న బెంగ పట్టుకుంది.

ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, చెరువు కాగితాలు సంచీలో పెట్టుకుని ఏలూరులో ఒక ప్లీడరు గారి ఇంటికి వెళ్ళాడు. ఆ ప్లీడరు గారు పోయి అప్పటికి ఏడాది అయిందట. ఆయన భార్య, మిషన్ బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మార్తమ్మ టీచరు గారు, గుమ్మంలో నిలబడి, "ఆయన లేరండి. ఆయన పుస్తకాలున్నాయి. కూర్చుని చూసుకుంటారా?" అన్నారట. మా నాన్న కూర్చున్నాడు. ఆ గదిలో మూడు గోడలకి పుస్తకాలే: చట్టం మీదా, న్యాయం మీదా, పాత రాజ్యాల మీదా, మనిషి ఎందుకు పుట్టాడూ ఎందుకు పోతాడూ అన్న దాని మీదా, అన్నీ తెలుగులో ఆ దంపతులు ఏరికోరి కూర్చినవి.

ఆవిడ పుస్తకం ఊరికే ఇచ్చేవారు. కానీ తిరిగి ఇచ్చేటప్పుడు ఒక ప్రశ్న చెప్పాలి, ఆ పుస్తకం చదివాక పుట్టి, ఆ పుస్తకంలో జవాబు దొరకని ప్రశ్న. అదే అద్దె. మొదటి పుస్తకం తిరిగి ఇచ్చిన రోజు నేనూ నాన్నతో వెళ్ళాను. "పొలానికి హద్దెలా గీస్తారో రాశారండి. వానాకాలం ఒకలాగ, ఎండాకాలం ఒకలాగ ఉండే సరస్సుకి ఏ రోజు చూసి గీస్తారండి హద్దు?" అన్నాడు నాన్న. టీచరు గారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుని, "ఇది మా ఆయన వినుంటే ఇవాళ కోర్టుకెళ్ళేవారు కాదండి" అని, మాకు ఏలకులు వేసిన టీ ఇచ్చారు. ఇంటికొచ్చాక కూడా నాన్న మొహం మీద ఆ మాట వెలుగుతూనే ఉంది.

ఆ తర్వాత మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. తొమ్మిదో తరగతి చదువుతున్న నేను అరుగు మీద కూర్చుని పైకి చదివేదాన్ని, నాన్న చిరిగిన వల అల్లుకుంటూ వినేవాడు, అర్థం కానిచోట సూది ఆపి, "మళ్ళీ చదువమ్మా" అనేవాడు. దారిన పోయేవాళ్ళు, "ఏమండీ లాయరుగారూ, కొర్రమీను పారిపోతే ఏ సెక్షనండీ?" అని నవ్వేవాళ్ళు. "ముందు నీ బావ మీద కేసు తేలనియ్యరా" అనేవాడు నాన్న, వల మీంచి తల ఎత్తకుండానే. నాకు మాత్రం ఆ వెక్కిరింపులో ఒక గొప్ప కూడా వినపడేది.

వానలు పడితే లంకకు రోడ్డు మునిగిపోతుందనీ, రెండు నెలలు ఏలూరు రాలేమనీ తెలిసి టీచరు గారు ఆషాఢంలోనే పదకొండు పుస్తకాలు ఒక్కసారిగా ఇచ్చారు. వినాయక చవితినాడు మా అమ్మ నా బడి పుస్తకాలతో పాటు వాటినీ దేవుడి ముందు పెట్టి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకం బొట్టు పెట్టింది. ఉండ్రాళ్ళు ఉడికిన ఆవిరి, పత్రి వాసన, బెల్లం పాకం వాసన పట్టిన ఆ అట్టల్ని తుడవడానికి కూడా మాకు మనసొప్పలేదు.

పండగ అయిన వారానికి తమ్మిలేరు పొంగింది. మధ్యాహ్నం అరుగు దగ్గరున్న నీళ్ళు పొద్దు వాలేసరికి గడప దాటాయి. ఇంట్లో ఉన్న ఇటుకలన్నీ నాయనమ్మ మంచం కోళ్ళ కింద పెట్టేశాం. అటక మీదకు వలలూ దుప్పట్లూ ఎక్కించాం, పుస్తకాల మూట కూడా ఎక్కించాం. మిగిలింది బియ్యం డ్రమ్ము. ముగ్గురం పట్టినా అటక మీదకు లేవదు. దాని కింద ఏదైనా ఎత్తు పెట్టాలి. నాన్న చుట్టూ చూశాడు. అమ్మ అటక వైపు చూసింది.

"వద్దే, అవి పరాయి సొత్తు" అన్నాడు నాన్న.

"బియ్యమెవరివండీ, మన ఒక్కళ్ళవేనా? పక్కిళ్ళలో గింజ లేదు. రేపు ఆళ్ళ పిల్లలు గిన్నెలట్టుకుని మన గుమ్మంలోకే వస్తారు."

"మొన్ననేగా పూజ చేశావు!"

"పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటాం. మెతుకు కాలికి తగిలినా కళ్ళకద్దుకుంటాం. ఇప్పుడు రెండిట్లో ఏది కిందో మీరే చెప్పండి. లాయరుగారు కదా!"

అమ్మ వెక్కిరించడానికి అనలేదు, ఏడుపు ఆపుకుంటూ అంది. నాన్న అటకెక్కి మూట దించాడు. లెక్క తెలిసినదాన్ని నేనే గనక, డ్రమ్ము ఒరగకుండా మూడు దొంతులూ ఒకే ఎత్తు వచ్చేలా లావువీ సన్నవీ ఏర్చి పేర్చింది నేనే. నాలుగు, నాలుగు, మూడు. నీళ్ళలోకి దిగగానే పసుపు కరిగి కాస్సేపు ఆ చుట్టూ నీళ్ళు పచ్చగా కనపడ్డాయి.

ఆ బియ్యం తడవలేదు. మేమూ, పక్క రెండిళ్ళవాళ్ళూ వరద తీసేదాకా ఆ గంజే తాగాం. కాబట్టి అది తప్పని ఇవాళ్టికీ అనలేను. కానీ సిగ్గు తప్పొప్పులను అడిగి రాదు.

నీళ్ళు ఉప్పుటేరు వైపు తీశాక పుస్తకాలు ఇటుకల్లా అతుక్కుపోయి ఉన్నాయి. ఎండబెడితే ఉబ్బి, విప్పితే పొరలుగా ఊడొచ్చాయి. అవే గోనెసంచీలో వేసుకుని, ఇంకో సంచీలో బతికున్న కొర్రమీనులు తడిగుడ్డలో చుట్టుకుని, నాన్నా నేనూ ఏలూరు వెళ్ళాం. టీచరు గారి వీధిలో చేపల సంచీలోంచి నీళ్ళు కారుతుంటే నేను నాన్నకు పది అడుగులు వెనక నడిచాను, ఎవరైనా చూస్తే ఈయనతో వచ్చినదాన్ని కానన్నట్టు.

నాన్న గేటు దాటి లోపలికి రాలేదు. సంచీ అక్కడే దించి చేతులు కట్టుకుని, జరిగిందంతా చెప్పాడు, డ్రమ్ము సంగతి కూడా. టీచరు గారు మెట్ల మీద కూర్చుని ఒక్కో పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఒకదాని మొదటి పేజీలో వాళ్ళాయన సంతకం ఉండే చోట నీలం మరక మిగిలింది. ఆవిడ దాని మీద బొటనవేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"చేపలెందుకండీ?" అన్నారు చివరికి.

"మా దగ్గరవేనండి ఉన్నయ్యి."

"నా అద్దె చేపలు కాదుగా. ప్రశ్న ఏదండి?"

నాన్న తల వంచుకునే అన్నాడు: "నీళ్ళొచ్చినప్పుడు ముందు ఏది పైన పెట్టాలో, ఈ పదకొండిట్లో ఏ ఒక్కదాంట్లోనన్నా రాసుందాండి అమ్మగారూ?"

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "రాసి లేదండి. రాసుండాల్సింది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "పాపా, ఒకటి ముట్టింది. ఇంకా పది రావాలి. నాన్న రాకపోతే నువ్వు తెచ్చివ్వు" అని, లోపలికెళ్ళి రెండు కొత్త పుస్తకాలు తెచ్చారు. ఒకటి చరిత్ర, బొమ్మలున్నది. నా చెయ్యి దానికదే ముందుకెళ్ళింది.

"వద్దండి. మాది పుస్తకాలుండే ఇల్లు కాదండి" అన్నాడు నాన్న.

నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత మా అరుగు మీద ఎవరూ ఏదీ పైకి చదవలేదు. చెరువు గట్లు తెంచడానికి యంత్రాలు వచ్చిన రోజు ఊళ్ళోవాళ్ళు నాన్న చుట్టూ చేరి, "లాయరుగారూ, మీరేదైనా చెప్పండి" అన్నారు, ఈసారి ఎవరూ నవ్వకుండా. "నాకేం తెలుసురా" అని నాన్న ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఇంటర్ ఏలూరులోనే చదివాను. కాలేజీకి రోజూ ఆ వీధి చివరి నుంచే నడిచేదాన్ని. లైబ్రరీలో న్యాయం మీదా చరిత్ర మీదా దొరికినవి నాకు నేనే చదువుకుంటూ ప్రశ్నలు పోగుచేశాను. రెండు, మూడు, ఐదు అయ్యాయి. ఒక్కటి పట్టుకుని వెళ్ళినా ఆవిడ గేటు తీసేవారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ గేటు ముందు సగం బాకీతో నిలబడటానికి సిగ్గేసింది, పదీ పూర్తయ్యాక ఒకేసారి వెళ్దామనుకున్నాను. ఏడో ప్రశ్న దగ్గర ఉండగా ఒక ఉదయం ఆ ఇంటి ముందు నల్ల గొడుగులూ, పాటల పుస్తకాలు పట్టుకున్న చర్చివాళ్ళూ కనపడ్డారు. నేను రోడ్డుకి అవతలి పక్కనుంచి కాలేజీకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం. ఆ మూడు గోడల పుస్తకాలు ఎటు పోయాయో చెప్పేవాళ్ళు లేరు. మా చెరువు ఉన్నచోట గుర్రపుడెక్క పెరిగింది, నాన్న కూడా లేడు. ప్రశ్నలకైతే ఇప్పుడు కొదవలేదు, ఎప్పుడో పది దాటాయి. వాటిని మెట్ల మీద కూర్చుని విని, ముట్టిందనే మనిషి లేకుండా ఒక్కటీ చెల్లు కాదు. ఇవాళ్టికీ బాకీ పది.